కింది గొంతు

మా పెద్దమ్మ రకేర ఫిజీలోని రంబి దీవి మీద కాలు పెట్టిన రోజు వాన పడుతోంది. ఆ వాన మర్నాడూ వదల్లేదు, ఆ వారమంతా వదల్లేదు. తమ సొంత దీవి బనాబలో వాళ్లు చినుకు కోసం ఆకాశం కేసి చూసి చూసి బతికినవాళ్లు. కరువొస్తే ఆడవాళ్లు భూమి లోపలి నీటి గుహల్లోకి పాకుతూ దిగి, కొబ్బరి చిప్పలతో నీళ్లు తోడి తెచ్చేవారు. ఇక్కడ నీళ్లు నెత్తి మీద, కాళ్ల కింద, పడుకునే చాప కింద కూడా. ఇళ్లుంటాయని చెప్పి అధికారులు ఓడ ఎక్కించారు. దిగేసరికి మిలిటరీ గుడారాలు వరసగా వేసి ఉన్నాయి. ఇళ్లేవని అడిగితే, వస్తాయన్నారు.

"నీళ్లు లేవని అన్నేళ్లు మొరపెట్టుకున్నాం. దేవుడు విన్నాడు. కాకపోతే కాస్త ఆలస్యంగా విన్నాడు, కాస్త ఎక్కువ విన్నాడు," అన్నాడట మా పెదనాన్న తవీత. ఆయన మొహంలో నవ్వు లేకుండా ఏదో ఒకటి అనడం, జనం పడి పడి నవ్వడం బనాబలో మామూలే. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

క్రిస్మస్ దగ్గరకొచ్చేసింది. అది యుద్ధం ముగిసిన ఏడాది.

నేనప్పటికి పుట్టలేదు. ఇందులో కొంత మా అమ్మ తాబెత చెప్పింది, కొంత పెద్దమ్మే చెప్పింది. పెద్దమ్మ చెప్పేటప్పుడు మధ్యలో ఆగేది. ఆగిన చోట నేనేమీ కల్పించలేదు.

మా తాత బనాబలో ఊమ అనే ఊళ్లో చర్చి పెద్ద. పాటలు నేర్పేదీ ఆయనే. డిసెంబరు వచ్చిందంటే చాలు, సాయంత్రం అయ్యేసరికి ఊరి మనుషులందరూ మనియాబ కప్పు కింద మొగలాకు చాపల మీద చేరేవారు. మనియాబ అంటే ఊరందరిదీ. గోడలుండవు, స్తంభాలూ కప్పూ అంతే. ముందు వరసల్లో పై గొంతు ఆడవాళ్లు, వాళ్ల వెనక నడిమి గొంతులు, అన్నిటికన్నా వెనక, స్తంభాలకి ఆనుకుని, కింది గొంతు మగపిల్లలు. క్రిస్మస్ నాడు నాలుగూళ్ల వాళ్లూ ఒక్కచోట చేరి ఒకరి మీద ఒకరు పోటీపడి పాడేవారు. బాగా పాడినవాళ్ల నెత్తిన కొబ్బరినూనె పోసి రుద్దేవారు. ఊమ వాళ్లు ఇంటికి వెళ్లేసరికి నూనె చెవుల వెంట కారుతూ ఉండేదని మా అమ్మ గొప్పగా చెప్పేది.

దానికి కారణం తాత కట్టిన గొర్రెల కాపరుల పాట. బనాబలో గొర్రెను చూసినవాడు లేడు. గొర్రె ఎంతుంటుందని ఎవరో అడిగితే, "దొరగారి కుక్క కన్నా పెద్దది, దానికన్నా మర్యాద గలది," అన్నాడట తాత. ఆ పాటలో మొదటి వరస అంతా కింది గొంతుదే. కాపరులు చీకట్లో కొండ మీద కూర్చుని ఉంటారు కదా, అందుకని ఆ గొంతు ఒంటరిగా, నేలలోంచి వచ్చినట్టు మొదలవుతుంది. ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కసారిగా పైన అందుకుంటారు. అది దేవదూతల వెలుగు. కింది గొంతు లేకపోతే ఆ పాటకు నిలబడడానికి నేలే లేదు.

పెద్దమ్మకు నాలుగు గొంతులూ వచ్చు. ఎక్కడ ఎవరు అర స్వరం తప్పినా ఆమె చెవికి తెలిసిపోయేది. ఆడది ముందు నిలబడి పాడించడం అప్పట్లో లేదు. అందుకని ముందు వరసలో కూర్చుని గడ్డం పైకీ కిందకీ ఆడించేది. తాత చేతిలో కర్ర ఊగుతున్నా, జనం ఆమె గడ్డాన్నే చూసి పాడేవారట.

ఆమెకు ఒక్కడే కొడుకు, యోవానే. ఒక క్రిస్మస్‌కి వాడు పై గొంతులో పాడుతుండగా, సరిగ్గా దేవదూత మాట దగ్గర గొంతు విరిగి మేక అరిచినట్టయింది. నాలుగూళ్ల వాళ్లూ నవ్వారు. వాడు లేచి పారిపోయి సాయంత్రం దాకా దొరకలేదు. మరుసటి ఏడాదికి వాడి గొంతు కిందకి దిగింది. ఊరికే దిగడం కాదు, ఊమలో అంతటి గొంతు మరొకటి లేదు. వెనక వరస నడుమ వాణ్ణి కూర్చోబెట్టి, పాట ఎత్తుకోవడం వాడికే అప్పజెప్పాడు తాత. పక్కనే తవీత పెదనాన్న. కొడుకు పాట ఎత్తుకుంటుంటే తండ్రి పాడడం మర్చిపోయి నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయాడని చెప్పుకునేవారు.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. జపాను సైనికులు దీవిలో దిగారు. ఉన్న తిండి వాళ్లకే చాలలేదు. తాత ఆ ఆకలిలోనే పోయాడు. తర్వాత జనాన్ని ఓడల్లోకి ఎక్కించి కొందరిని నౌరుకు, కొందరిని తరావకు, కొందరిని కుసాయికి పంపించారు. గట్టిగా ఉన్న కుర్రవాళ్లను మాత్రం చేపలు పట్టి పెట్టడానికి ఉంచేసుకున్నారు. అందులో యోవానే ఒకడు. రేవులో పెద్దమ్మ వాడి చెయ్యి వదలడం లేదు. వెనక సైనికుడు తోస్తున్నాడు.

"అమ్మా, నేనొచ్చేదాకా నా చోట ఎవర్నీ కూర్చోబెట్టకు," అన్నాడు వాడు. "ముఖ్యంగా నాన్నని. ఆయన కూర్చున్నాడంటే పక్కవాడి చాప కూడా ఆయనదే."

తవీత పెదనాన్న, "ముందు నువ్వు రా, చాప సంగతి తర్వాత తేల్చుకుందాం," అన్నాడు.

పెద్దమ్మా, పెదనాన్నా, మా అమ్మా కుసాయికి చేరారు. అక్కడ సైనికుల కోసం చిలగడదుంపలు నాటాలి. వాళ్ల మీద ఉన్న కాపలావాడికి పాటంటే గిట్టదు. డిసెంబరులో ఆడవాళ్లు నోళ్లు మూసుకుని ముక్కుతోనే కాపరుల పాట కూనిరాగం తీసేవారు. కింది గొంతు రావలసిన చోట ఆగి, అది మనసులోనే విని, తర్వాత తమ వంతు ఎత్తుకునేవారు. పాట మధ్యలో దుంప తీగలు నాటే చప్పుడే వినపడేది.

యుద్ధం అయ్యాక చెదిరినవాళ్లందరినీ తరావలో చేర్చారు. అక్కడ ఒకరినొకరు వెతుక్కోవడం, బక్కచిక్కిన మొహాలు గుర్తుపట్టలేక పేరు చెప్పుకోవడం. బనాబలో ఉన్నవాళ్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అక్కడ మన మనుషులెవరూ కనపడలేదని ఒకరన్నారు. ఇంకెక్కడికో తరలించి ఉంటారని ఇంకొకరన్నారు. బనాబ పాడైపోయింది, ఇప్పుడు ఉండడానికి వీలు లేదు, ఫిజీలో రంబి అనే దీవి ఉంది, పదండి అన్నారు అధికారులు.

పెద్దమ్మ ఓడ మెట్ల దగ్గర కూలబడింది. "నా కొడుకు అటుంటే నేనిటెందుకు వస్తాను?"

"వాడు ఎక్కడ దొరికినా రంబికే తెస్తారే. మనం లేకపోతే వాడు ఎవరింట్లో తింటాడు? లే," అన్నాడు పెదనాన్న. ఆమె లేచింది.

రంబికి వచ్చిన నాలుగో రోజో ఐదో రోజో ఇతాక పాస్టరు పెద్దమ్మ వాళ్ల గుడారంలోకి వంగి వచ్చాడు. మెత్తటి మనిషి. నౌరులో ఉండగా భార్యను పోగొట్టుకున్నాడు.

"రకేరమ్మా, పాటలు నేర్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. నువ్వే చెప్పాలి."

"నేనా? ఆడదాన్ని ముందు నిలబెడతారా?"

"గడ్డం ఆడించేదానివి, ఇప్పుడు చెయ్యి ఆడించు. అంతే తేడా."

మూలన తడిసిన దుప్పటి కప్పుకుని కూర్చున్న పెదనాన్న తలెత్తాడు. "ఎందుకయ్యా పాటలు? పిల్లలు ఎక్కడున్నారో తెలీదు. గుడారంలో బురద. ముసలోళ్లు దగ్గి దగ్గి చస్తున్నారు. వాడొచ్చేదాకా నేను నోరు విప్పను."

"నీ నోరు నీ ఇష్టం," అంది పెద్దమ్మ. "నా నోటికి అడ్డం రాకు. వాడొచ్చే వేళకి పాట ఉండాలి. లేకపోతే, ఏమ్మా, మా తాత పాట కూడా పారేసుకొచ్చారా అంటాడు."

ఎండుకొబ్బరి షెడ్డులో పాటలు మొదలయ్యాయి. మూడు దీవుల నుంచి వచ్చినవాళ్లు మూడు రకాలుగా పాడారు. పుస్తకాలు లేవు. ఎవరి జ్ఞాపకం వాళ్లకు వేదం.

"నౌరు వాళ్లు పాట పాడుతున్నారా, బండరాయి లాగుతున్నారా?" అన్నారు తరావ నుంచి వచ్చినవాళ్లు.

"మీరేమన్నా తక్కువా? కాపరులు గొర్రెల్ని వదిలేసి పరిగెత్తుతున్నట్టుంది మీ పాట," అన్నారు వాళ్లు.

ఇంతలో ఒక ఆవు షెడ్డు గుమ్మంలో తల పెట్టి చూసింది. అంతకు ముందున్న కొబ్బరి తోట తాలూకు ఆవులు దీవిలో తిరుగుతుండేవి. మా వాళ్లు అంత జంతువుని ఎప్పుడూ చూసి ఎరగరు. పై గొంతులు, నడిమి గొంతులు అన్నీ ఒక్క శ్రుతిలో అరిచి రెండో గుమ్మంలోంచి వానలోకి పరిగెత్తాయి. ఆవు వాళ్ల చాప మీద కాస్త పేడ వేసి తన దారిన తాను పోయింది. రంబి మీద మొదటిసారి అందరూ కలిసి నవ్వింది అప్పుడేనట. మా అమ్మ ఈ ముక్క చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇక్కడ కాసేపు నవ్వేది, ముందుకు వెళ్లడానికి ఇష్టం లేనట్టు.

అసలు చిక్కు వెనక వరసతో వచ్చింది. కింది గొంతు కుర్రవాళ్లంతా బనాబలో ఉండిపోయినవాళ్లే. ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లున్నారు గానీ, ఊపిరి సగం దాకానే వస్తుంది. నడిమి గొంతుల్లోంచి కొందరిని దింపి వెనక కూర్చోబెడదామన్నాడు పాస్టరు.

"వద్దు," అంది పెద్దమ్మ. "ఆ చోట్లు పిల్లలవి."

"మరి పాట ఎలా మొదలవుతుందమ్మా?"

"కుసాయిలో ఎలా పాడామో అలాగే. ఆ వరస మనసులో అనుకుని, తర్వాత ఎత్తుకుంటాం."

"మనం పాట మర్చిపోయామనుకుంటారు జనం."

"అనుకోనీండి."

తెబురెంగ అనే ఆవిడ ఈ మాటకు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆవిడ కొడుకులిద్దరు బనాబలో ఉన్నారు. ఆ మర్నాటి నుంచి తెబురెంగ అందరికన్నా ముందొచ్చి, వెనక వరసలో పిల్లలు కూర్చునే చాపలు తుడిచి పరిచేది. పాట అయ్యాక చుట్టి, తడవకుండా అటక మీద పెట్టేది. మిగతా తల్లులు కూడా ఒక్కొక్కరే వచ్చి తమ వాడి చాప తామే పరచడం మొదలుపెట్టారు. వెనక ఖాళీ చాపల వరస పెట్టుకుని అందరూ పాడేవారు.

క్రిస్మస్ ఇంకో మూడు నాలుగు రోజులుందనగా బియ్యం, డబ్బా మాంసం వేసుకుని లాంచీ వచ్చింది. అందులో వచ్చిన అధికారి ఊరి పెద్దల్ని పక్కకు పిలిచి ఒక సంగతి చెప్పాడు. బనాబలో గుహలో దాక్కుని బతికిన ఒకే ఒక్కడు, వేరే దీవి మనిషి, బయటికొచ్చాడు. మిగిలిన కుర్రవాళ్లందర్నీ, యుద్ధం ముగిసిందన్న కబురు అందిన తర్వాత, జపాను సైనికులు కొండ అంచున నిలబెట్టి చంపేశారు.

పెద్దల్లో తవీత పెదనాన్న ఉన్నాడు. ఇతాక పాస్టరు ఉన్నాడు. వాళ్లు లాంచీ దగ్గరే చాలాసేపు నిలబడ్డారు. చివరికి పాస్టరే అన్నాడట, పండగ అయ్యేదాకా తల్లులకు చెప్పొద్దు, ఈ ఒక్క పండగైనా జరగనిద్దామని. ఎవరూ కాదనలేదు. పెదనాన్న గుడారానికి రాకుండా ఏటి ఒడ్డుకు పోయి కూర్చున్నాడు. చీకటి పడ్డాక వచ్చాడు. "తడిసి ముద్దయ్యావేం?" అని పెద్దమ్మ అడిగితే, "ఈ దీవిలో తడవనిదెవరు?" అన్నాడు.

మర్నాడు పాటల వేళకు ఆయన షెడ్డులోకి వచ్చాడు. నేరుగా వెనక వరస దాకా నడిచి, నడుమ చాప మీద కూర్చున్నాడు. పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. కానీ పైకి మాత్రం దెప్పింది.

"ఏం, నోరు విప్పనన్నావుగా?"

"ఇక్కడ కప్పు కారడం లేదు. అందుకొచ్చాను."

"అది వాడి చోటు. పక్కకి జరుగు."

ఆయన కదల్లేదు. చెయ్యెత్తమన్నట్టు తల ఊపాడు. ఆమె చెయ్యెత్తింది. ఆయన మొదటి వరస ఒంటరిగా పాడాడు. వయసు పైబడ్డ గొంతు, అక్కడక్కడ వణికింది, అయినా పాటకు కింద నేల దొరికింది. ఆ మూడు రోజులూ పెద్దమ్మ గుడారంలో పని చేసుకుంటూ కూడా పాడుకునేదని, మొగుడి మనసు కుదుటపడిందని చెల్లెలితో చెప్పుకుని మురిసిపోయిందని మా అమ్మ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ నా మొహం చూసేది కాదు.

క్రిస్మస్ పొద్దున కూడా వానే. షెడ్డు నిండా జనం. పాస్టరు హేరోదు కథ చదివాడు. రాజు మనుషుల్ని పంపి బేత్లెహేములో మగపిల్లల్ని చంపించాడు. దాని వెంటనే రావలసింది రాహేలు మాట. పిల్లలు లేకపోయారని రాహేలు ఏడుస్తుంది, ఓదార్చబోతే వద్దంటుంది. మా భాష బైబిల్లో రాహేలు పేరు రకేర. చిన్నప్పుడు తోటి పిల్లలు ఆ మాట పట్టుకుని ఆమెను ఏడుపు రకేర అని వెక్కిరించేవారు. అందుకని ఆ అధ్యాయంలో ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ఆమెకు కంఠతా వచ్చు.

పాస్టరు ఆ మాట చదవలేదు. పిల్లల్ని చంపించిన దగ్గర ఊపిరి పీల్చుకుని, దాన్ని దాటేసి, హేరోదు చచ్చిపోయిన దగ్గర అందుకున్నాడు.

పెద్దమ్మ తలెత్తి చూసింది. పాస్టరు పుస్తకంలోంచి కళ్లెత్తలేదు. వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసింది. ఆయన చాప కేసి చూస్తున్నాడు. కొడుకు చోట, కొడుకు వద్దన్న చోట, ఎందుకు కూర్చున్నాడో అప్పుడు ఆమెకు తెలిసిపోయింది.

పాటకు వేళయింది. ఆమె లేచి ముందుకు వచ్చింది. చెయ్యెత్తింది. పెదనాన్న పాడాడు. ఆడవాళ్లు పైన అందుకున్నారు. పాట చివరి దాకా ఆమె చెయ్యి ఎక్కడా తొట్రుపడలేదు. తెలిసి కూడా ఎందుకు ఆపలేదక్కా అని మా అమ్మ తర్వాతెప్పుడో అడిగింది. "ఆపితే అడగాలి. అడిగితే చెప్తారు. పాట అయ్యేదాకా వాడు చచ్చిపోలేదు," అంది పెద్దమ్మ.

పాట ముగిసింది. ఎవరో కొబ్బరినూనె చిప్ప పట్టుకుని లేచారు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పాస్టరుగారూ, మీరొక మాట వదిలేశారు."

"ఏ మాటమ్మా?"

"నా పేరున్న మాట."

పాస్టరు పుస్తకం మూశాడు. వెనక నుంచి తవీత పెదనాన్న లేచాడు.

"ఎవరూ లేరు," అన్నాడు. "ఒక్క పిల్లాడు కూడా లేడు. అందర్నీ చంపేశారు. లాంచీ వచ్చిన రోజే మాకు తెలుసు."

తెబురెంగ లేచింది. వెనక వరస దగ్గరకు నడిచి, తను పరిచిన రెండు చాపలూ చుట్టి చంకలో పెట్టుకుంది. పాస్టరు ముందుకొచ్చి నిలబడింది.

"మూడు రోజులు. మూడు రోజులు నా చేత చాపలు పరిపించావు. చచ్చినోళ్లకి చాప పరుస్తున్నానని తెలిసి చూస్తూ కూర్చున్నావు."

"అమ్మా, పండగ పూట..."

"ఎవరికయ్యా పండగ?"

తర్వాత పెద్దమ్మ వైపు తిరిగింది. "నువ్వు కూడానా? మొగుడికి తెలిస్తే నీకు తెలీదా? నూనె పోయించుకోడానికి మమ్మల్ని పాడించావా?"

పెద్దమ్మ తెలీదని అనలేదు. తనకి కూడా తెలిసింది అప్పుడే అని అనలేదు. అంటే ఎవరైనా నమ్మేవారేమో. అక్కణ్ణుంచి ఒక్కొక్క తల్లీ తన చాప తాను చుట్టుకుని వానలోకి వెళ్లిపోయింది. ఏడుపు మాత్రం గుడారం గుడారం నుంచీ వచ్చింది, ఆ రోజంతా.

ఆ వానాకాలం గడిచేసరికి చాలామంది ముసలివాళ్లు చలికి పోయారు. తర్వాత గుడారాల చోట ఇళ్లు లేచాయి. సీమపనస కాపుకొచ్చింది, పిల్లలు ఆవుల మీదెక్కి తిరగడం నేర్చారు. పెద్దమ్మ మాత్రం పాటలకు వెళ్లలేదు. ఇతాక పాస్టరు వచ్చి, తప్పయిపోయింది, క్షమించమని అడిగాడు. "మీరు మంచికే చేశారు. ఆ మంచి నాకక్కర్లేదు," అంది. ఆయనకు భోజనం పెట్టి పంపింది గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. పెదనాన్నకి వండి పెట్టేది, బట్టలు ఉతికేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. ఆ క్రిస్మస్ గురించి మాత్రం ఆయన నోరు తెరవబోతే లేచి బయటికి పోయేది. నేను పుట్టి, నడిచి, వాళ్లింట్లో ఆడుకునే వయసు వచ్చేదాకా ఆ ఇల్లు అలాగే ఉంది. తెబురెంగ అయితే దారిలో ఎదురైనా మొహం తిప్పుకునేది.

బేయా అనే అతను రంబికి వచ్చింది అప్పుడే. తరావ దగ్గరి దీవి మనిషి. బనాబలో ఆ కుర్రవాళ్లతో కలిసి చేపలు పట్టాడు. చివరికి జబ్బు చేస్తే, పనికిరాడని వేరే దీవికి వెళ్లే ఓడలో పడేశారు. అలా బతికాడు. రంబిలో చుట్టాల్ని చూడడానికి వచ్చినవాడు, పిల్లల తల్లులెవరైనా ఉంటే కలుస్తానన్నాడట. పెద్దమ్మ వాకిట్లో కూర్చుని కొబ్బరి నీళ్లు తాగాడు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

పెద్దమ్మ చావు గురించి అడగలేదు. "అక్కడ క్రిస్మస్‌కి పాడేవారా నాయనా?" అని అడిగింది.

"ఒడ్డున పాడనిచ్చేవారు కాదమ్మా. పొద్దున్నే పడవల్లో పగడపు దిబ్బ దాటి పోయాక పాడుకున్నాం. మీ ఊళ్లోదంట, గొర్రెల కాపరుల పాట. అందరం మగాళ్లమే కదా, పైన అందుకునేవాళ్లు లేరు. మొదటి వరసే మళ్లీ మళ్లీ పాడుకున్నాం."

"మా యోవానే ఎత్తుకున్నాడా?"

బేయా చిప్ప కింద పెట్టాడు. "లేదమ్మా. మీవాడు పాడలేదు. ఆకలికి కాళ్లు వాచిపోయున్నాయి. పడవలో పడుకునే ఉన్నాడు. పాడరా అంటే, మీరు పాడండి, నాకు ఓపిక లేదు అన్నాడు."

పెద్దమ్మ తల ఊపింది. "మరి ఎవరెత్తుకున్నారు?"

"తెబురెంగమ్మగారి చిన్నోడు. శ్రుతి లేదు, ఏమీ లేదు. గట్టిగా మాత్రం అరిచాడు. చేపలన్నీ పారిపోయాయని తిట్టాం."

బేయా వెళ్లాక పెద్దమ్మ పెదనాన్న దగ్గరకు పోయింది. ఆయన వెనకవైపు వల బాగు చేసుకుంటున్నాడు.

"పరాయివాడు, అడిగిన వెంటనే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు," అంది. "నువ్వు మూడు రోజులు నా పక్కనే పడుకుని చెప్పలేదు."

పెదనాన్న వల కింద పెట్టాడు. "లాంచీ దగ్గర్నుంచి చెబుదామనే వచ్చానే. నువ్వు పాడుకుంటూ డబ్బా మాంసం వేడి చేస్తున్నావు. నోరు రాలేదు. మర్నాడు చెబుదామనుకున్నా. మర్నాడూ పాడుతున్నావు."

"వాడి చోట ఎందుకు కూర్చున్నావు?"

"ఖాళీగా చూడలేకపోయాను."

ఆమె అక్కడే నేల మీద కూర్చుంది. ఆమె వల రెండో కొస అందుకుని చిక్కులు విప్పడం నేను చూశాను.

మర్నాడు నా చెయ్యి పట్టుకుని తెబురెంగ ఇంటికి తీసుకెళ్లింది. ఆవిడ గుమ్మంలోంచే, "ఏం కావాలి?" అంది. పెద్దమ్మ బయటే నిలబడి బేయా చెప్పినదంతా చెప్పింది. చిన్నోడు పాట ఎత్తుకున్నాడని, శ్రుతి లేదని, చేపలు పారిపోయాయని.

తెబురెంగ గుమ్మం పట్టుకుని విన్నది. "వాడికి శ్రుతి ఎప్పుడుంది గనక," అంది. "వాళ్ల నాన్న పోలిక." తర్వాత ఏడుస్తూ చాప పరిచింది, కూర్చోమని.

ఆ ఏడు పెద్దమ్మ మళ్లీ పాటలు నేర్పింది. తెబురెంగ ముందు వరసలో కూర్చుని, ప్రతి పాటకూ శ్రుతి ఎక్కువైందని గొడవ పెట్టుకునేది. పెద్దమ్మ పోయేదాకా వాళ్లిద్దరికీ ఆ తగువు తీరలేదు. కాపరుల పాటను మాత్రం పెద్దమ్మ మళ్లీ ఎవరికీ నేర్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఇప్పుడు రంబిలో దాన్ని పాడేవాళ్లు లేరు. మా అమ్మ పనిలో ఉండగా కూనిరాగం తీసిన పై గొంతు ఒక్కటే నాకు తెలుసు.

పెళ్లయ్యాక ఒకసారి పెద్దమ్మను అడిగాను, మొదటి వరస ఎలా ఉంటుందో ఒక్కసారి వినిపించమని. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని సీమపనసకాయ కాలుస్తోంది. గొంతు సవరించుకుని, బాగా కిందకి దించి, నాలుగైదు స్వరాలు పట్టింది. అక్కడ ఆగిపోయింది.

"సీమపనస మాడుతోంది," అంది. "చూడు, తిప్పెయ్యి."